కడియం మొక్కల బేరంలో బ్రోకర్ ఎవరి మనిషి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మొక్కలు టోకున కొనేవాళ్ల నుంచీ అమ్మేవాళ్ల నుంచీ వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు బ్రోకర్ల గురించే ఉన్నాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: షాద్‌నగర్ దగ్గర లేఅవుట్ వేస్తున్నాం. రోడ్ల పక్కకీ పార్కుకీ కలిపి 1,100 మొక్కలు, దాదాపు 30 రకాలు కావాలి. బ్రోకర్‌తో పని లేకుండా నేరుగా కడియం వెళ్లి కొంటే ఎంతో కొంత మిగులుతుంది కదా?

జవాబు: 30 రకాలంటున్నారు కాబట్టి మిగిలేది తక్కువ, తిరుగుడు ఎక్కువ. కడియం అని ఒక్క పేరుతో పిలుస్తాం గానీ నర్సరీలన్నీ ఒక ఊళ్లో లేవు. కడియపులంక, వీరవరం, బుర్రిలంక, దుళ్ల, పొట్టిలంక, జేగురుపాడు, వేమగిరి... ఇలా రాజమహేంద్రవరం దాటాక గోదావరి కాలువల వెంబడి పరుచుకుని ఉన్నాయి. 16వ నెంబరు జాతీయ రహదారి మీద పెద్ద బోర్డులు పెట్టుకున్నవి కొన్నే. లోపలి రోడ్లలో కాస్త చెక్కలో ఒకటి రెండు రకాలే పెంచే రైతులు చాలామంది. ఒకరి దగ్గర నూరువరహాలు తప్ప ఇంకోటి ఉండదు, ఇంకొకరి దగ్గర అన్నీ పామ్‌లే. హైవే మీది నర్సరీ కూడా తన దగ్గర లేని రకాన్ని ఆ లోపలి రైతు దగ్గర నుంచే తెప్పిస్తుంది. అంటే బ్రోకర్ వద్దనుకుని పెద్ద నర్సరీకే వెళ్లారనుకోండి, సగం లోడుకి ఆ నర్సరీ యజమానే మీకు బ్రోకర్.

మీ లిస్టు చేతికి వచ్చాక బ్రోకర్ చేసే పని ఇదీ: ఏ రకం ఎవరి దగ్గర ఏ సైజులో ఉందో ఫోన్ల మీద కనుక్కోవడం, రేటు కట్టించి మొక్కలు ఆపించడం, లారీ దూరలేని సందుల్లోంచి చిన్న బండ్లలో రోడ్డు దాకా తెప్పించడం, లోడింగ్ మనుషుల్ని పెట్టడం, లారీ మాట్లాడటం. పదిహేను మంది రైతుల దగ్గర తలా కాస్త ఎత్తాల్సిన లోడుని మీరే చూసుకుంటే లాడ్జి ఖర్చు, చిన్న బండ్ల కిరాయి, సగం నిండి ఆగిపోయిన లారీకి వెయిటింగు కలిసి కమీషన్‌ని మించిపోతాయి. నాలుగైదు రకాలే, ఒక్కోటి రెండు మూడొందలు కావాలంటే మాత్రం నేరుగా వెళ్లండి. అక్కడ బ్రోకర్ చేసిపెట్టే పనేమీ లేదు.

మీ లిస్టులో డబ్బంతా రోడ్ల పక్క చెట్లలో ఉంటుంది, పొదలూ అంచు మొక్కలూ లెక్కలోకి రావు. ఆ నాలుగైదు రకాల పెద్ద మొక్కల్ని స్వయంగా చూసి, మొదలు దగ్గర కాండం మీద పెయింటు చుక్క పెట్టించండి. రిబ్బన్ అయితే విప్పి ఇంకో మొక్కకి కట్టొచ్చు, కవర్ మీద గుర్తు పెడితే కవరే మార్చొచ్చు. మిగతావి బ్రోకర్‌కి వదిలేయండి. ఇంకొక మాట. వానలు పడగానే ప్రభుత్వ శాఖల ఇండెంట్లూ కాంట్రాక్టర్ల ఆర్డర్లూ ఒక్కసారే వచ్చిపడతాయి. తెలంగాణలో 2015లో హరితహారం మొదలైన దగ్గర నుంచి ఈ ఒత్తిడి ఇంకా పెరిగింది. పెద్ద మొక్కల్ని వేసవిలోనే చూసుకుని, అడ్వాన్సు ఇచ్చి ఆపించుకుంటే రేటూ నయం, ఎంచుకునే వీలూ ఉంటుంది.

ప్రశ్న: ఫాక్స్‌టైల్ పామ్, 8 అడుగులు. ఒక బ్రోకర్ చెప్పిన రేటు ఇంకొకరు చెప్పినదానికి దాదాపు రెట్టింపు. ఇంత తేడా ఎందుకు?

జవాబు: ఇద్దరూ ఒకే మొక్క రేటు చెప్పలేదు కాబట్టి. 8 అడుగులని ఎక్కడి నుంచి కొలిచారు? నేల మీద నుంచా, కవర్‌లోని మట్టి పై నుంచా? కవరే అడుగున్నర ఎత్తుంటుంది. నేల నుంచి కొలిస్తే మీ 8 అడుగుల మొక్క నిజానికి ఆరున్నర అడుగులది. పామ్‌లలో ఇంకో చిక్కుంది. ఆకు కొస దాకా కొలిచే ఎత్తు ఒకటి, ఆకులు లేని కాండం ఎత్తు ఇంకొకటి. ఆకుని చేత్తో పైకి లాగి పట్టుకుని టేపు పెడితే అడుగు, అడుగున్నర అక్కడే కలిసొస్తుంది. పామ్ రేటు అడిగేటప్పుడు ఎన్ని అడుగుల కాండం, మొదలు దగ్గర చుట్టుకొలత ఎంత, ఏ సైజు కవర్ అని మూడూ చెప్పి అడగండి.

కవర్ సైజు దగ్గర మోసపోయేవాళ్లు మరీ ఎక్కువ. 12×12 కవర్ అంటే 12 అంగుళాల వ్యాసమని అనుకుంటారు. కాదు, అది ఖాళీ కవర్‌ని బల్ల మీద పరిస్తే వచ్చే వెడల్పు. మట్టి నింపాక చుట్టుకొలత 24 అంగుళాలు, అంటే వ్యాసం ఏడున్నర పైచిలుకు. 18×18 కవర్ నిండితే వ్యాసం పదకొండున్నర అంగుళాలు. గుండ్రటి అడుగు కుట్టిన గ్రో బ్యాగుకి మాత్రం వ్యాసమే చెబుతారు. 12 అంగుళాల గ్రో బ్యాగు మొక్కకీ 12×12 కవర్ మొక్కకీ మధ్య మట్టి రెట్టింపుకి పైగా తేడా. ఒకరు కవర్ రేటు, ఇంకొకరు గ్రో బ్యాగు రేటు చెప్పి ఉంటారు.

బరువు లెక్క కూడా ఇక్కడే తేల్చుకోండి. 12×12 కవర్‌లో ఏడెనిమిది లీటర్ల మట్టి పడుతుంది. తడి ఎర్రమట్టి అయితే మొక్కకి 10 కిలోల పైనే. అలాంటివి వెయ్యి ఎత్తితే ఆరు టైర్ల లారీకి బరువు సరి. 18×18 అయితే ఒక్కోటి 35 నుంచి 40 కిలోలు, అదే లారీకి 250, 300 దాటవు. "మొక్క 20 రూపాయలు తక్కువకి ఇప్పిస్తా" అనే బ్రోకర్ కిరాయిలో ఆ 20 రాబట్టుకుంటున్నాడేమో తెలియాలంటే, రేటు ఎప్పుడూ మీ సైట్‌లో దిగేసరికి ఎంతని అడగాలి.

సైజు సరిపోయినా కవర్ వయసు చూడండి. 8×10 కవర్ మొక్కని వారం కిందట 12×12లోకి మార్చి పెద్ద కవర్ రేటుకి అంటగట్టడం పాత పద్ధతి. కాండం పట్టుకుని మెల్లగా పైకి లాగితే మట్టి కదలకుండా మొక్కతో పాటు గడ్డగా రావాలి. కాండం ఒక్కటే లేస్తున్నట్టుంటే వేళ్లు ఇంకా కొత్త మట్టిలోకి పోలేదు. లాట్‌లోంచి ఒకటి రెండు కవర్లు కోయించండి. అంచు దాకా తెల్లటి లేత వేళ్లు కనిపిస్తే సరే. అడుగున వేళ్లు తాడులా గుండ్రంగా చుట్టుకుని ముదిరిపోతే ఆ మొక్క కవర్‌లో మరీ ఎక్కువ కాలం ఉండిపోయింది. నేలలో వేశాక కూడా ఆ చుట్టలోంచి బయటపడదు. మూడోది, కవర్ చిల్లుల్లోంచి వేరు నేలలోకి దిగిన మొక్క. చూడ్డానికి అదే లాట్‌లోకెల్లా పచ్చగా ఉంటుంది, ఎందుకంటే తిండి తింటున్నది నేలలోంచి. ఎత్తగానే ఆ వేరు తెగుతుంది, లారీ సూర్యాపేట దాటేసరికి తల వాలుస్తుంది. అలాంటివి కావాలంటే వేరు కోయించి, రెండు మూడు వారాలు అక్కడే నీడలో ఉంచి, కోలుకున్నాకే ఎత్తమనండి.

ప్రశ్న: మా బ్రోకర్ నా దగ్గర కమీషన్ తీసుకున్నాడు. నర్సరీ రైతు దగ్గర కూడా తీసుకున్నాడని తర్వాత తెలిసింది. ఇది న్యాయమేనా? అడిగే హక్కు నాకుందా?

జవాబు: ఇద్దరికీ చెప్పి తీసుకుంటే అందులో తప్పు లేదు. స్థలాల బేరాల్లోనూ పశువుల సంతల్లోనూ ఉన్న పద్ధతే. చెప్పకుండా తీసుకోవడమే గొడవ.

మొక్కల బేరంలో బ్రోకర్ మూడు వేషాల్లో వస్తాడు. మీ దగ్గర కమీషన్ మాట్లాడుకుని మీ తరఫున కొనిపెట్టేవాడు మీ ఏజెంటు. రైతు దగ్గర కమీషన్ తీసుకుని గిరాకీ తెచ్చేవాడు రైతు ఏజెంటు. తానే కొని పైన వేసుకుని మీకు అమ్మేవాడు అసలు బ్రోకరే కాదు, వ్యాపారి. మూడోవాడు ఎంతకి కొన్నాడో అడిగే హక్కు మీకు లేదు. కిరాణా షాపు వాణ్ణి కొన్న ధర అడగం కదా. ఒకే మనిషి ఒకే లోడులో పామ్‌ల వరకు వ్యాపారిగా, పొదల వరకు మీ ఏజెంటుగా ఉండటం కూడా మామూలే. అందుకని బేరానికి ముందే అడగండి: "కమీషన్ మీదా, రేటు మీదా?" ఈ ఒక్క ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పని వాడితో లోడు పెట్టుకోకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

కమీషన్ మీద అని ఒప్పుకున్నాక అతను మీ ఏజెంటే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 213వ సెక్షన్ ప్రకారం, అడిగితే లెక్క చెప్పాలి. మీకు తెలియకుండా తన సొంత సరుకునే మీకు అంటగట్టి లాభం తీసుకుంటే ఆ లాభం మీరు రాబట్టుకోవచ్చని 216వ సెక్షన్ చెబుతోంది. కడియంలో ఇది ఊరికే చెప్పే మాట కాదు. చాలామంది బ్రోకర్లకి సొంత మడి కూడా ఉంటుంది. "మంచి లాట్ దొరికింది" అన్నది ఆయన ఇంటి వెనక లాట్ కావచ్చు. సొంత మొక్కలైతే సొంతవని ముందే చెప్పాలని వాట్సాప్‌లో ఒక లైను రాసి పంపి, సరేనని జవాబు వచ్చాకే అడ్వాన్సు వేయండి. రైతు రాసిచ్చిన చీటీ కూడా లోడుతో పాటు రావాలని అడగండి. చీటీలో రకం, కవర్ సైజు, సంఖ్య, రేటు ఉండాలి. "మొక్కలు 300" అని మాత్రమే రాసిన చీటీ ఎందుకూ కొరగాదు.

ప్రశ్న: వేసవిలో తెప్పించిన లోడులో వంద దాకా ఎండిపోయాయి. బ్రోకర్ లారీవాడి మీదకి, లారీవాడు నర్సరీ మీదకి నెడుతున్నారు. నష్టం ఎవరిది?

జవాబు: ముందుగా ఏమీ రాసుకోకపోతే చాలావరకు మీదే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, పంపమని మీరు చెప్పాక అమ్మినవాడు సరుకుని లారీకి అప్పగిస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు మీకు అప్పగించినట్టే లెక్క. సైట్‌లో దిగి, లెక్కపెట్టి, బతికున్నవాటికే డబ్బు అని ముందే మాట్లాడుకున్నారా లేదా అన్నదే అసలు ప్రశ్న. నూటికి రెండో మూడో పోయినా అడగనని, అంతకు మించితే తిరిగి మొక్కలివ్వాలని రాసుకుంటే ఎవరూ కాదనరు. దించేటప్పుడు విరిగినవీ వాడినవీ లెక్కపెట్టి, డ్రైవర్ వెళ్లకముందే లారీ రసీదు మీద రాసి సంతకం తీసుకోండి. మర్నాడు తీసిన ఫొటోలు ఎన్ని పంపినా బ్రోకర్ "మీరు నీళ్లు పెట్టలేదు" అనే అంటాడు. అది అబద్ధమని నిరూపించడం కష్టం.

వంద మొక్కలు ఒకేసారి పోయాయంటే తప్పు లోడింగ్‌లోనే వెతకండి. ముందు రోజు సాయంత్రం నీళ్లు పెట్టి, పొద్దున మట్టి తేమగా ఉండగా ఎత్తాలి. ఎత్తే ముందు కుమ్మరిస్తే గడ్డ మెత్తబడి కుదుపులకి పగిలిపోతుంది, లేత వేళ్లన్నీ తెగుతాయి. పొడిమట్టితో ఎత్తితే దారిలోనే ఎండుతుంది. టార్పాలిన్ బిగించి కప్పితే ఆగిన చోటల్లా లోపల ఉడికిపోతుంది. అసలు కప్పకపోతే రాత్రంతా గాలికి ఆకు కొసలు మాడిపోతాయి. షేడ్‌నెట్ కప్పి, పైన తాడు కట్టి, సాయంత్రం బయలుదేరి తెల్లవారేసరికి చేరేట్టు చూసుకోవాలి. పామ్‌ల ఆకుల్ని పైకి కూడదీసి పురికొసతో కట్టాలి, మొవ్వు మీద ఏ బరువూ పడకూడదు. ఫాక్స్‌టైల్, రాయల్ పామ్ లాంటి వాటికి ఎదిగే చోటు ఆ మొవ్వొక్కటే. అది విరిగితే మిగతా చెట్టంతా పచ్చగా ఉన్నా కొన్ని వారాల్లో చచ్చిపోతుంది. దించేటప్పుడు కవర్ కింద చేతులు పెట్టి ఎత్తమనండి. కాండం పట్టుకుని లాగితే నర్సరీలో రెండేళ్లు పెంచిన గడ్డ రెండు సెకన్లలో విడిపోతుంది. మనుషులు ఎత్తలేనంత బరువుంటే హైడ్రా క్రేన్ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి.

వచ్చిన మొక్కల్ని అదే రోజు ఎండలో నాటకండి. షేడ్‌నెట్ కిందో చెట్టు నీడనో వారం, పది రోజులు ఉంచి నీళ్లు పెడితే చాలు, యూరియా జోలికి పోవద్దు. నీడలో పెంచిన లాట్ అయితే ఇంకాస్త ఆగాలి. ఒక ఊరట కూడా ఉంది: ఫైకస్ జాతి మొక్కలు చోటు మారగానే ఆకంతా రాల్చేస్తాయి, చచ్చిపోయాయని పారేస్తారు. గోరుతో బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే మళ్లీ చిగురేస్తుంది. మీ వందలో అలాంటివి ఎన్నో ముందు లెక్కపెట్టి, ఆ తర్వాత తగువుకి వెళ్లండి.

ప్రశ్న: మాది కడియం మండలం. ఎకరం నర్సరీ. బ్రోకర్ ఆరు నెలల కిందట అప్పు మీద మొక్కలెత్తాడు. "హైదరాబాద్ పార్టీ డబ్బు ఇవ్వలేదండీ, వాళ్లివ్వగానే ఇస్తా" అంటున్నాడు. ఆ పార్టీ ఎవరో నాకు తెలియదు. ఎవర్ని అడగాలి?

జవాబు: బ్రోకర్‌నే. కొన్నది ఎవరి కోసమో మీకు చెప్పకుండా ఎత్తుకెళ్తే, ఆ బాకీకి ఏజెంటే బాధ్యుడని కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ భావిస్తుంది. పార్టీ పేరు ముందే చెప్పి, వాళ్ల తరఫున అని ఎత్తి ఉంటే మాత్రం మీ బాకీ ఆ పార్టీ మీదికి మళ్లుతుంది. అందుకే ఇప్పుడు ఆయన హడావిడిగా పార్టీ పేరు, ఫోన్ నెంబరు పంపి "మీరే అడగండి" అంటే తొందరపడి వాళ్లతో ఉత్తర ప్రత్యుత్తరాలు మొదలుపెట్టకండి. ఎత్తిన రోజు చీటీ ఎవరి పేరున ఉందో అదే చెప్పుకోండి.

మీ చేతిలో ఏముందో చూసుకోండి. లోడు చీటీ, లారీ నెంబరు, ఫొటో, "శుక్రవారం వేస్తా" అని ఆయన పంపిన మెసేజీలు అన్నీ పనికొస్తాయి. ఫోన్ మార్చినా చాట్ చెరపకండి. సరుకు బాకీకి దావా గడువు మూడేళ్లు. ఆ లోపు ఆయన సంతకం పెట్టి బాకీ ఒప్పుకుంటే గడువు అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది. అందుకని నోటి మాటతో వాయిదా ఇవ్వకుండా "ఇంత బాకీ ఉన్నాను" అని రాయించుకోండి, చెక్కు తీసుకోండి. చెక్కుని దాని మీద తేదీ నుంచి మూడు నెలల్లోపు వేయాలి. తిరిగొస్తే బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లోపు లాయర్ నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజులు చూసి, ఆ తర్వాత నెలలోపు కేసు వేయాలి. ఏ ఒక్క గడువు జారినా చెక్కు కేసు బలహీనపడుతుంది.

ఊళ్లో ముఖాలు చూసుకుంటూ బతకాలి, కేసులేమిటి అంటారు, నిజమే. అయితే ఒకే బ్రోకర్‌కి మొత్తం పంట అప్పుగా ఎత్తించడం మానండి. మొదటి లోడు డబ్బు పడ్డాకే రెండోది కదలాలి. పండగ ముందు అయినవాళ్లే అడిగినా ఇదే లెక్క.

ప్రశ్న: బ్రోకర్ కొనోకార్పస్ చౌకగా ఇస్తానంటున్నాడు. కొబ్బరి మొక్కలు కూడా. తీసుకోవచ్చా?

జవాబు: కొనోకార్పస్ వద్దు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. మన రెండు రాష్ట్రాల్లోనూ నాటిన చోట్ల కొట్టేయమనే మాటే వినిపిస్తోంది. చౌకగా రావడానికి కారణం అదే. అమ్ముడుపోక కవర్లలో ముదిరిపోతున్న సరుకది. కొబ్బరికీ అలంకరణ పామ్‌లకీ మాత్రం ఆకుల్ని తిప్పి అడుగున చూడండి. తెల్లటి పొడితో సుడులు సుడులుగా చుట్టినట్టు గీతలుంటే అది సర్పిలాకార తెల్లదోమ. కింది ఆకుల మీద మసి పట్టినట్టు నల్లగా ఉండటం రెండో గుర్తు. 2016లో పొల్లాచ్చి ప్రాంతంలో మొదట బయటపడి, తర్వాత మన కొబ్బరి తోటల్నీ పట్టింది. అలాంటి లాట్ ఎంత తక్కువకి వచ్చినా లారీ ఎక్కించకండి. మీ ఊరి తోటలన్నిటికీ మీరే మోసుకెళ్లినవారవుతారు. ఇప్పటికే వచ్చేసి ఉంటే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానాన్ని అడగండి, కొబ్బరి పురుగుల సంగతి వాళ్లకి బాగా తెలుసు.

ప్రశ్న: మొక్కల లారీకి ఈ-వే బిల్లు కావాలని బ్రోకర్ 2,000 అదనంగా అడుగుతున్నాడు. నిజమేనా?

జవాబు: కాదు. బతికున్న మొక్కలకి జీఎస్టీ లేదు, పన్ను లేని సరుకు కాబట్టి ఈ-వే బిల్లూ అక్కర్లేదు. దారిలో చూపించడానికి నర్సరీ బిల్లు, లారీ రసీదు ఉంటే చాలు. అదే లారీలో సిరామిక్ కుండీలో, ఎరువులో వేస్తే వాటి లెక్క వేరు, వాటికి విడిగా బిల్లు రాయించుకోండి.